వంశపారంపర్య గుండె కండర జబ్బు: జన్యు నివేదిక చెప్పలేనిది ఏళ్ల పరిశీలన ఎలా చెబుతుంది?

ముప్పై ఏళ్లు నిండని వ్యక్తి ఆడుతూనో, పరుగెత్తుతూనో కుప్పకూలి చనిపోతే మన వార్తల్లో శీర్షిక దాదాపు ఎప్పుడూ ఒక్కటే: గుండెపోటుతో మృతి. గుండెపోటు అంటే గుండెకు రక్తం అందించే ధమని మూసుకుపోవడం. కానీ చిన్న వయసు హఠాన్మరణాలకు అదొక్కటే కారణం కాదు. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన జన్యు లోపం వల్ల గుండె కండరం మందమై, ఒకనాడు ఉన్నట్టుండి లయ తప్పడం కూడా ఒక ముఖ్య కారణం. ఆ జబ్బు పేరు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ. వైద్యులు క్లుప్తంగా హెచ్‌సీఎం అంటారు.

పోయిన మనిషికి ఈ తేడాతో ఇక పనిలేదు. ఆ ఇంట్లో మిగిలిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు మాత్రం అది ప్రాణాలకు సంబంధించిన విషయం. మాకూ వస్తుందా, వస్తే ఏ వయసులో, ఎంత తీవ్రంగా అన్నవే వాళ్లు వైద్యుణ్ని అడిగే మొదటి ప్రశ్నలు. వీటికి జన్యు పరీక్ష ఒక్కటే జవాబు చెప్పలేదు. వేల మంది రోగులను, వారి బంధువులను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన పరిశోధనల నుంచే జవాబు దొరుకుతోంది. ఆ పరిశోధనల్లో ఎవరిని గమనించారన్న దాన్ని బట్టి జవాబు కూడా మారిపోతోంది. దక్షిణాసియా ప్రజలకు ఇది స్వానుభవమే.

జబ్బు స్వరూపం

పెద్దవాళ్లలో గుండె ఎడమ జఠరిక గోడ మందం మామూలుగా 12 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. అధిక రక్తపోటు, కవాటం ఇరుకు కావడం వంటి వేరే కారణం లేకుండా అది 15 మిల్లీమీటర్లకు చేరితే హెచ్‌సీఎంగా పరిగణిస్తారు. కుటుంబంలో ఇప్పటికే ఒకరికి జబ్బు ఉంటే 13 మిల్లీమీటర్లనే హద్దుగా తీసుకుంటారు. మందమైన గోడ బిగుసుకుపోయి, రెండు స్పందనల మధ్య సరిగా వదులు కాదు. దాంతో గుండెలోకి రక్తం నిండడం కష్టమవుతుంది. కొందరిలో ఆ గోడ రక్తం బయటికి వెళ్లే దారికే అడ్డుపడుతుంది. ఆయాసం, ఛాతీలో నొప్పి, గుండెదడ, స్పృహ తప్పడం దీని లక్షణాలు. ఏ లక్షణమూ లేకుండా ముసలితనం దాకా బతికేవాళ్లూ ఉన్నారు.

1958లో లండన్‌లో డొనాల్డ్ టియర్ అనే పాథాలజిస్టు ఎనిమిది మంది యువతీయువకుల గుండెల్లో కండరం ఒకవైపే అసాధారణంగా మందమై ఉండడాన్ని వివరించారు. వారిలో ఎక్కువమంది హఠాత్తుగా మరణించినవారే. ఆధునిక వైద్యంలో ఈ జబ్బు కథ అక్కడి నుంచి మొదలైందని చెబుతారు. 1961లో కెనడాలోని క్యూబెక్‌కు చెందిన ఒక పెద్ద కుటుంబంలో ఇదే జబ్బు తరతరాలుగా వస్తున్నట్లు వైద్యులు నమోదు చేశారు. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 1990లో, క్రిస్టీన్ సీడ్‌మన్, జొనాథన్ సీడ్‌మన్ దంపతుల బృందం ఆ కుటుంబంలోనే ఎంవైహెచ్7 అనే జన్యువులో లోపాన్ని పట్టుకుంది. ఎవరి గుండె ఎలా ఉంది, ఎవరు ఏ వయసులో పోయారు అన్న పాత వివరాలు భద్రంగా ఉండబట్టే జన్యువు దాకా వెళ్లగలిగారు.

ఆ తర్వాత మరికొన్ని జన్యువులు బయటపడ్డాయి. గుండె కండరం సంకోచించేందుకు తోడ్పడే ప్రొటీన్లను తయారుచేసేవే వీటిలో ఎక్కువ. లోపం బయటపడిన రోగుల్లో పెద్ద వాటా రెండు జన్యువులదే: ఎంవైహెచ్7, ఎంవైబీపీసీ3. తల్లిదండ్రుల్లో ఒకరికి లోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం 50 శాతం. ఆడపిల్లా, మగపిల్లవాడా అన్న తేడా లేదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒకే లోపం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కలిసి వస్తే, బిడ్డకు పసితనంలోనే తీవ్రమైన గుండె జబ్బు రావచ్చు.

జబ్బు ఎంతమందికి ఉంది? అమెరికాలో కార్డియా అనే దీర్ఘకాలిక అధ్యయనంలో 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్న 4,111 మందికి ఎకో పరీక్ష చేశారు. 1995లో వెలువడిన ఫలితాల ప్రకారం దాదాపు ప్రతి 500 మందిలో ఒకరికి హెచ్‌సీఎం ఛాయలు కనిపించాయి. అంతవరకూ వైద్యులు దీన్ని అంతకంటే చాలా అరుదైన జబ్బుగా భావించేవారు.

పరిశీలనాత్మక పరిశోధన అంటే?

ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి రోగులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి మందు, రెండో బృందానికి మందు లేని మాత్ర ఇచ్చి పోలుస్తారు. జబ్బు గమనాన్ని ఇలా పరీక్షించలేం. జన్యు లోపం ఎవరికి ఉండాలో పరిశోధకులు నిర్ణయించలేరు కదా. అందుకే వాళ్లు జోక్యం చేసుకోకుండా గమనిస్తారు. రోగులనూ బంధువులనూ ఒక జాబితాలో చేర్చి, నిర్ణీత వ్యవధిలో ఈసీజీ, ఎకో, కొందరికి గుండె ఎంఆర్ఐ చేస్తారు. గోడ మందం ఎంత పెరిగింది, కండరంలో మచ్చ ఏర్పడిందా, లయ తప్పిందా, పక్షవాతం వచ్చిందా, గుండె వైఫల్యం మొదలైందా అన్నవన్నీ తేదీలతో నమోదు చేస్తారు. ఇలాంటి జాబితాను రిజిస్ట్రీ అంటారు.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. ఊరు మారినవాళ్లు, ఖర్చు భరించలేక రావడం మానేసినవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. ఆసుపత్రి గడప తొక్కకముందే చనిపోయినవాళ్లు అసలు లెక్కలోకే రారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, గమనించడానికి ఎంచుకున్న మనుషులు జబ్బు ఉన్నవారందరికీ ప్రతినిధులు కాకపోవడం.

పెద్దాసుపత్రి లెక్కలతో వచ్చిన పొరపాటు

హెచ్‌సీఎం చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. తొలి దశాబ్దాల్లో ఈ జబ్బు గురించిన సమాచారమంతా కొన్ని పెద్ద కేంద్రాల నుంచే వచ్చింది. జబ్బు ముదిరినవాళ్లు, ఇంట్లో హఠాన్మరణాలు చూసినవాళ్లే అక్కడికి చేరేవారు. ఆ లెక్కల ప్రకారం ఏటా 3 నుంచి 6 శాతం మంది రోగులు చనిపోయేవారు. ఆ అంకెలే పాఠ్యపుస్తకాల్లోకి, వైద్యుల మాటల్లోకి చేరాయి. తర్వాత సాధారణ జనాభాలో గుర్తించిన రోగులను కూడా అనుసరించినప్పుడు వార్షిక మరణాల రేటు 1 శాతం దగ్గరే తేలింది. నేటి చికిత్సలు అందుతున్న రోగుల్లో అది ఇంకా తక్కువ. మధ్యలో చికిత్స మెరుగుపడిన మాట నిజమే. కానీ తేడాలో పెద్ద భాగం ఎవరిని లెక్కించారన్న దాని నుంచే వచ్చింది.

ఆ తొలి అంకెలు చాలా కుటుంబాలకు మరణశిక్షలా వినిపించాయి. పిల్లల ఆటలు, పెళ్లిళ్లు, ఉద్యోగాలు ఆ భయం మీదే ఆధారపడ్డాయి.

జీవితకాలంలో పడే భారం

ఈ లోపాన్ని సరిదిద్దేందుకు పలు దేశాల కేంద్రాలు తమ వివరాలను కలిపి షేర్ అనే రిజిస్ట్రీని ఏర్పాటు చేశాయి. 2018లో వెలువడిన దాని తొలి పెద్ద నివేదిక 4,591 మంది రోగులను పరిశీలించింది. అందులో తేలిన విషయాలు మూడు.

మొదటిది, జబ్బు ఏ వయసులో బయటపడిందన్నది చాలా ముఖ్యం. 40 ఏళ్లలోపు గుర్తించినవారిలో 60 ఏళ్లు వచ్చేసరికి 77 శాతం మందికి మరణం, గుండె ఆగిపోవడం, గుండె వైఫల్యం, కర్ణికల లయ తప్పడం వంటి తీవ్ర సమస్యల్లో కనీసం ఒకటి ఎదురైంది. 60 ఏళ్లు దాటాక గుర్తించినవారిలో 70 ఏళ్లకు అది 32 శాతమే. రెండోది, జన్యు లోపం బయటపడిన రోగులకు, బయటపడని రోగులతో పోలిస్తే ముప్పు దాదాపు రెట్టింపు. మూడోది, అందరూ భయపడేది హఠాన్మరణానికే అయినా ఎక్కువమందిని బాధపెట్టేవి ఏళ్లు గడిచేకొద్దీ వచ్చే గుండె వైఫల్యం, కర్ణికల లయ దోషం. అదే రిజిస్ట్రీ ఆధారంగా 2020లో వచ్చిన మరో నివేదిక ప్రకారం సుమారు 8 శాతం మందిలో గుండె రక్తాన్ని పంపే శక్తే పడిపోయింది.

యువకుడైన రోగికి ఒకటి రెండేళ్లు ఏమీ కాకపోవచ్చు. అంతమాత్రాన జబ్బు నిలిచిపోయిందని కాదు. ఏడాది లెక్కల్లో చిన్నగా కనిపించే ముప్పు నలభై ఏళ్లలో పోగై పెద్దదవుతుంది. సుదీర్ఘ పరిశీలన లేకపోతే ఈ సంగతి బయటపడదు.

లోపం ఉంది, జబ్బు లేదు

జన్యు పరీక్షలు విస్తరించాక కొత్త వర్గం ఒకటి ఏర్పడింది. లోపం ఉన్నా గుండె మామూలుగా ఉన్నవాళ్లు వీరు. రోగుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకులు, కూతుళ్లు ఎక్కువగా ఈ వర్గంలోకి వస్తారు. వీరి భవిష్యత్తు ఏమిటి?

2020లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనం ఇలాంటి 285 మందిని సగటున 8 ఏళ్లు అనుసరించింది. వారిలో 86 మందికి ఆ వ్యవధిలో జబ్బు బయటపడింది. 15 ఏళ్ల పరిశీలన పూర్తయ్యేసరికి 46 శాతం మందికి వస్తుందని అంచనా వేశారు. మగవారిలోనూ, మొదట్లోనే ఈసీజీలో తేడా ఉన్నవారిలోనూ ముప్పు ఎక్కువగా కనిపించింది. అంటే లోపం ఉన్నవారిలో సగానికి పైగా 15 ఏళ్ల తర్వాత కూడా జబ్బు లేకుండానే ఉండవచ్చు. కానీ ఆ సగంలో ఎవరుంటారో ముందుగా చెప్పలేరు కాబట్టి అందరినీ క్రమం తప్పకుండా పరీక్షించాలి.

ఇలాంటి పరిశీలనలే చికిత్సకూ దారి చూపాయి. గోడ బాగా మందం కాకముందే గుండెలో ఏ మార్పులు మొదలవుతాయో తెలిశాకే, ఆ తొలి దశలోనే మందు ఇచ్చి చూడాలన్న ఆలోచన వచ్చింది. జబ్బు ప్రారంభ దశలో ఉన్న 178 మందిపై రక్తపోటు మందు వల్సార్టాన్‌ను పరీక్షించిన వానిష్ అధ్యయనం 2021లో వెలువడింది. గుండె నిర్మాణం, పనితీరు కొలతలు కలిపి చూస్తే మందు తీసుకున్నవారి ఫలితం మెరుగ్గా ఉంది. జబ్బును పూర్తిగా ఆపగలదని అది రుజువు చేయలేదు. కానీ లక్షణాల కోసం ఎదురుచూడకుండా ముందే ప్రయత్నించవచ్చని చూపింది.

వ్యాయామంపై సలహా కూడా ఇలాగే మారింది. హెచ్‌సీఎం ఉన్నవారు గట్టి వ్యాయామం మానేయాలని దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. 2023లో వెలువడిన లైవ్-హెచ్‌సీఎం అధ్యయనం 8 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న 1,660 మందిని మూడేళ్లు గమనించింది. మితంగా వ్యాయామం చేసేవారితో పోలిస్తే తీవ్రంగా చేసేవారిలో ప్రాణాపాయ ఘటనలు ఎక్కువగా కనిపించలేదు. అయితే ఇందులో పాల్గొన్నవారు ఎక్కువగా నిపుణుల పర్యవేక్షణలో ఉన్నవారు. కాబట్టి దీన్ని ఎవరికి వారు తీసుకోదగ్గ అనుమతిగా కాక, వైద్యుడితో మాట్లాడాల్సిన విషయంగా చూడాలి.

25 అక్షరాల కథ

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 2009 జనవరిలో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, పెరుందురై ధండపాణి సహా పలువురు ఇందులో పాల్గొన్నారు. ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు తెగిపోయిన మార్పు భారత ఉపఖండ మూలాలున్న జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉందని, గుండె కండర జబ్బు ఉన్నవారిలో అది ఎక్కువగా కనిపిస్తోందని వారు తేల్చారు. ఈ మార్పు ఉన్నవారికి ముప్పు దాదాపు 7 రెట్లని అంచనా. ప్రతి 25 మందిలో ఒకరికి ఉన్న జన్యు మార్పు ఇంత ప్రమాదకరమన్న వార్త ప్రపంచమంతా పాకింది.

రోగులనూ ఆరోగ్యవంతులనూ పక్కపక్కన పెట్టి, ఫలానా మార్పు ఎవరిలో ఎక్కువగా ఉందో చూడడం ఈ తరహా పరిశోధన పద్ధతి. ఇద్దరి మధ్య సంబంధం ఉందని అది చెబుతుంది. కారణం అదేనా అన్నది వేరే ప్రశ్న. 2018లో అమెరికాలోని దక్షిణాసియా మూలాల వారిపై జరిగిన ఒక అధ్యయనం, ఈ 25 అక్షరాల లోపం ఉన్నవారిలో సుమారు పదో వంతు మందికి అదే జన్యువులో డి389వి అనే మరో మార్పు కూడా ఉందని చూపింది. ఒకే గుర్తు ఉన్న కోట్లాది మంది నిజానికి ఒకే రకం కాదని దీంతో స్పష్టమైంది.

2020లో 5,393 మంది హెచ్‌సీఎం రోగుల జన్యు వివరాలను విశ్లేషించిన మరో అధ్యయనం అసలు ముడి విప్పింది. 25 అక్షరాలు తెగిపోయినవారిలో చిన్న ఉపవర్గానికి, అదే జన్యువులో మరోచోట ఒకే ఒక్క అక్షరం మారిన అరుదైన లోపం కూడా ఉంది. 2009లో కనిపించిన ముప్పు ఆ రెండో లోపం వల్ల వచ్చిందని, మొదటిది మాత్రమే ఉన్నవారికి హెచ్‌సీఎం ముప్పు పెరగదని ఆ పరిశోధకులు తేల్చారు. ఆ రెండో లోపం మామూలు జన్యు పరీక్షలు చదవని భాగంలో ఉండడంతో అంతకాలం కంటపడలేదు.

దీన్ని ఇంటిపేరుతో పోల్చి చూడవచ్చు. ఒక ఊళ్లో వంద గడపలకు ఒకే ఇంటిపేరు ఉందనుకుందాం. వాటిలో ఒక్క శాఖలోనే జబ్బు ఉంది. ఆసుపత్రి రికార్డులు తిరగేస్తే రోగుల జాబితాలో ఆ ఇంటిపేరు పదేపదే కనిపిస్తుంది. ఆ ఇంటిపేరే జబ్బుకు మూలమనుకుంటే మిగతా గడపలన్నీ ఊరికే భయపడతాయి. ఆ అధ్యయనం అంచనా ప్రకారం 25 అక్షరాల లోపం ఉన్న దక్షిణాసియా మూలాల వారు సుమారు 10 కోట్ల మంది. వారిలో అత్యధికుల మీద ముప్పు ఉన్నవారన్న ముద్ర పడి ఉండేది. ఈ ఒక్క లోపం కోసమే పరీక్ష చేయడం తగదని పరిశోధకులు స్పష్టంగా చెప్పారు.

లెక్కలో లేనివారికి జరిగే నష్టం

ఇలాంటి పొరపాటు మనకొక్కరికే జరగలేదు. హెచ్‌సీఎంకు కారణమని ఒకప్పుడు భావించిన కొన్ని జన్యు మార్పులు నల్లజాతి అమెరికన్లలో సాధారణంగానే ఉంటాయని, వాటి ఆధారంగా కొందరికి తప్పుడు నివేదికలు వెళ్లాయని 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. మొదటి పరిశోధనల్లో పోల్చి చూసిన ఆరోగ్యవంతుల్లో నల్లజాతివారిని కొద్దిమందినైనా చేర్చి ఉంటే చాలా తప్పులు జరిగేవి కావని అది తేల్చింది.

ముప్పును లెక్కగట్టే సాధనాలకూ ఇదే వర్తిస్తుంది. గుండె లయను సరిచేసే ఐసీడీ పరికరాన్ని ఎవరికి అమర్చాలో నిర్ణయించడానికి ఎక్కువగా వాడే సూత్రం 2014లో వచ్చింది. వయసు, గోడ మందం, కుటుంబంలో హఠాన్మరణాలు, స్పృహ తప్పిన ఘటనలు వంటి ఏడు అంశాలతో అది వచ్చే ఐదేళ్ల ముప్పును అంచనా వేస్తుంది. 6 శాతం లేదా అంతకు మించితే పరికరం వైపు మొగ్గుతారు. ఆ సూత్రాన్ని ఆరు ఐరోపా కేంద్రాల్లోని 3,675 మంది వివరాలతో తయారుచేశారు. షేర్ రిజిస్ట్రీలోనూ ఎక్కువమంది శ్వేతజాతీయులే. ఖరీదైన పరికరం కొనాలా వద్దా అని ఇక్కడి కుటుంబం తేల్చుకునేది వేరే జనాభా అనుభవం ఆధారంగానే. భారతీయ రోగులను ఏళ్ల తరబడి అనుసరించే రిజిస్ట్రీలు పెరగాలని చెప్పడానికి ఇదే ప్రధాన కారణం.

కుటుంబం ఏం చేయాలి?

ఇంట్లో ఒకరికి హెచ్‌సీఎం తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. మొదటిసారి మామూలుగా ఉన్నా అంతటితో ఆపకూడదు. పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి కుటుంబ చరిత్రను బట్టి ఒకటి నుంచి మూడేళ్లకోసారి, పెద్దలకు మూడు నుంచి ఐదేళ్లకోసారి పరీక్షలు చేయాలని అమెరికా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. జన్యు పరీక్ష ముందుగా జబ్బు ఉన్న వ్యక్తికే చేయాలి. ఆ వ్యక్తిలో కచ్చితమైన లోపం దొరికితేనే బంధువుల్లో దాన్ని వెతకడానికి అర్థం ఉంటుంది. అలా వెతికినప్పుడు లోపం లేదని తేలిన బంధువుకు పదేపదే పరీక్షల అవసరం తప్పుతుంది. రోగుల్లో దాదాపు సగం మందికి ఏ లోపమూ దొరకదు. అలాంటి ఇళ్లలో బంధువులకు ఎకో పరీక్షలే ఆధారం.

పరీక్షకు ముందు బీమా గురించీ ఆలోచించాలి. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ముందుకొచ్చిన కేసు ఈ జబ్బుదే. జన్యుపరమైన జబ్బులకు వర్తించదన్న నిబంధన చూపి బీమా సంస్థ హెచ్‌సీఎం రోగి క్లెయిమును తిరస్కరించింది. అంత విస్తృతమైన మినహాయింపు వివక్ష అవుతుందని కోర్టు చెప్పింది. మరుసటి నెలలోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, జన్యు జబ్బుల మినహాయింపు చూపి క్లెయిములు తిరస్కరించవద్దని సంస్థలను ఆదేశించింది.

నివేదికలన్నిటినీ తేదీల వారీగా దాచుకోవడం చిన్న పనే అయినా దాని విలువ పెద్దది. మూడు తరాల్లో ఎవరు, ఏ వయసులో, ఎలా పోయారో కాగితం మీద రాసుకోవాలి. తాతగారు పొలంలో ఉన్నట్టుండి పడిపోయారన్న మాట వైద్యుడికి ఎంతో ఉపయోగపడే సమాచారం. గోడ మందం 11 మిల్లీమీటర్లు అన్న ఒక్క నివేదిక చెప్పేది కొంతే. మూడేళ్ల కిందట అది 9 అని తెలిస్తే వైద్యుడు మరింత జాగ్రత్తగా చూస్తాడు. క్యూబెక్ కుటుంబంలో జన్యువు దొరకడానికి ముప్పై ఏళ్ల కిందటి నమోదులే పునాది అయ్యాయి. మన ఇళ్లలోని ఫైళ్లు కూడా ఒక రిజిస్ట్రీకి చేరితే, ఇంకో ఇంట్లో ఒక తమ్ముడు అడిగే ప్రశ్నకు ఇప్పటికంటే నమ్మకమైన జవాబు దొరుకుతుంది.